ఊరి పేరు మారింది, బాణీ మారలేదు: పాత లోకల్ రేడియో జింగిల్స్, వార్తల మోతలు, పోటీల హడావుడి గురించి

మీరు అడిగినవి మూడు. అరవైలు, డెబ్భైల నాటి అమెరికా, బ్రిటన్ లోకల్ స్టేషన్ల రికార్డింగులు వింటే వేర్వేరు ఊళ్ళ జింగిల్స్ (స్టేషన్ పేరు పాడే చిట్టి పాట ముక్కలు) ఒకే బాణీలో ఎందుకున్నాయి, ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు? వార్తల వెనకాల ఆ టకటక మోత దేనిది? ప్రతి పది నిమిషాలకూ పోటీలు, బహుమతులు అంటూ ఆ అరుపులేమిటి? కొన్నేళ్ళు ఒక స్టేషన్ ప్రొడక్షన్ గదిలో పనిచేశాను. తర్వాతి కాలమంతా పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడంతోనే గడిచింది. కాబట్టి కొంత చదివింది, కొంత చేతికి అంటుకుంది, రెండూ కలిపి చెబుతాను.

మొదటిదానికి జవాబు: ఎవరూ ఎవర్నీ కాపీ కొట్టలేదు. అందరూ ఒకేచోట కొనుక్కున్నారు.

ఆ చోటు టెక్సస్‌లోని డాలస్. గోర్డన్ మెక్‌లెండన్ 1947లో అక్కడ కేఎల్ఐఎఫ్ అనే స్టేషన్ పెట్టాడు. జనం ఎక్కువగా కోరే పాటల్నే తిప్పి తిప్పి వేసే టాప్ ఫార్టీ పద్ధతికి టాడ్ స్టోర్జ్‌తో పాటు ఈయన్నీ ఆద్యుడిగా చెబుతారు. ఆ స్టేషన్‌లో పనిచేసిన బిల్ మీక్స్ 1951లో పామ్స్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. పేరు విప్పితే ప్రొడక్షన్, అడ్వర్టైజింగ్, మర్చండైజింగ్ సర్వీస్. అందులో సంగీతం ఊసే లేదు చూడండి. వాళ్ళు తమను సంగీత కంపెనీగా కాదు, అమ్మకాలకు సాయపడే కంపెనీగానే చూసుకున్నారు.

పాట కట్టి సరుకు అమ్మడం అప్పటికి పాతదే. 1926 క్రిస్మస్ ముందురోజు మినియాపొలిస్‌లోని డబ్ల్యూసీసీఓ స్టేషన్‌లో వీటీస్ అనే గోధుమ అటుకుల ప్రకటనను నలుగురు గాయకులు పాడారు. రేడియోలో మొదటి పాట ప్రకటనగా దాన్నే చెప్పుకుంటారు. పామ్స్ చేసిన మార్పు ఏమిటంటే, పాటలో సరుకు స్థానంలో స్టేషన్నే పెట్టింది. రేడియో తన గొంతుతో తనను తానే అమ్ముకోవడం మొదలుపెట్టింది.

తయారీ పద్ధతి తెలిస్తే మీ సందేహం తీరుతుంది. వాద్యబృందం వాయించే భాగాన్ని ఒక్కసారే రికార్డు చేసి పెట్టుకునేవాళ్ళు. తర్వాత ఏ స్టేషన్ కొంటే ఆ స్టేషన్ పేరు, ఫ్రీక్వెన్సీ, కావాలంటే ఊరి పేరు గాయకుల బృందం ఆ ట్రాక్ మీద పాడేది. పదో, పదిహేనో జింగిల్స్ కలిపి ఒక సిరీస్. 18వ సిరీస్ ‘సోనోసేషనల్’, 27వది ‘జెట్ సెట్’, 33వది ‘ఫన్ వైబ్రేషన్స్’. ఒక ఊళ్ళో ఒక స్టేషన్‌కు అమ్మితే అదే సిరీస్‌ను అదే ఊళ్ళో పోటీదారుకు అమ్మరు. వేరే ఊరికి నిక్షేపంగా అమ్ముతారు. ఈ ఊరి శ్రోత ఆ ఊరి స్టేషన్ వినడు గదా, అందుకని ‘ఇది మన స్టేషన్, మన పాట’ అనే భ్రమ చెక్కుచెదరకుండా ఉండేది. టేపుల్ని వరసగా పెట్టుకుని వింటున్న మనకు గుట్టు తెలిసిపోతోంది గానీ, ఆ రోజుల్లో వాళ్ళకు తెలిసే దారే లేదు.

అయితే పేరు మార్చి పాడటం అనుకున్నంత తేలిక కాదు. అసలు ఆటంతా ఇక్కడే ఉంది. అమెరికాలో మిసిసిపీ నదికి పడమట ఉన్న స్టేషన్ల పేర్లు దాదాపు అన్నీ ‘కే’తో, తూర్పున ఉన్నవి ‘డబ్ల్యూ’తో మొదలవుతాయి (పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ లాంటి మినహాయింపులున్నాయి). ‘కే’ ఒక్క గురువు, దెబ్బకు పలికేయొచ్చు. ‘డబుల్ యూ’ అలా కాదు, ఒక్క అక్షరానికే ఐదు మాత్రలు మింగేస్తుంది. ‘కే’ కోసం కట్టిన బాణీలో ‘డబ్ల్యూ’ను ఇరికించడం, కందపద్యంలో గణం కుదరక కవి పడే తంటా లాంటిదే. గాయకులు దాన్ని నమిలి, కుదించి, ముందు తాళానికి కాస్త ముందే ఎత్తుకుని పాడేవాళ్ళు. ఈసారి వినేటప్పుడు ఆ మొదటి అరసెకను మీద చెవి పెట్టండి. బాణీ మొదట ఎవరి కోసం కట్టారో, ఎవరికి సర్దారో అక్కడ బయటపడుతుంది. న్యూయార్క్ డబ్ల్యూఏబీసీ 1964లో బీటిల్స్ ఊపు చూసి తన పేరు మధ్యలో ‘బి’ స్థానంలో ‘బీటిల్’ అని చేర్చి డబ్ల్యూ-ఏ-బీటిల్-సీ అనిపించింది. అక్షరాలతో ఇంత చనువు తీసుకున్న స్టేషన్ నాకు ఇంకోటి కనబడలేదు.

ఇంకో శబ్దం మీకు తప్పకుండా తగిలి ఉంటుంది: మనిషి మాటా కాదు, వాయిద్యమూ కాదు, వాయిద్యమే మాట్లాడుతున్నట్టుంటుంది. అది సోనోవాక్స్. 1930ల చివర్లో గిల్బర్ట్ రైట్ కనిపెట్టిన పరికరం. రెండు చిన్న స్పీకర్లను గొంతుకు రెండు పక్కలా అదిమి పట్టుకుంటే, వాటిలోంచి వచ్చే సంగీతం గొంతులో ప్రవేశిస్తుంది. మనిషి తన స్వరం కలపకుండా పెదవులు, నాలుక మాత్రం కదిపితే ఆ సంగీతమే మాటల ఆకారం తీసుకుని బయటికొస్తుంది. తర్వాతి కాలపు సింథసైజర్లు, వోకోడర్లు దానికి దగ్గరగా వచ్చాయి కానీ ఆ తడి రాలేదని నా అభిప్రాయం. నిజమైన నోరు కదా మరి.

ఇంత శ్రమ ఎందుకంటే, రేడియోకు ముఖం లేదు. డయల్ తిప్పుతూ వచ్చినవాడికి తాను ఎక్కడ ఆగాడో చెప్పేవాళ్ళు కావాలి. శ్రోతల సర్వేలు ఫోన్ చేసి ‘ఏ స్టేషన్ వింటున్నారు’ అని అడగడం మీదో, ఇంట్లో డైరీ ఇచ్చి రాయించడం మీదో నడిచేవి. రెండింటిలోనూ విన్నది కాదు, గుర్తున్నదే లెక్కలోకొస్తుంది. పేరు నాలుకమీద ఆడకపోతే విన్నా విననట్టే. దానికి తోడు గంటకోసారి స్టేషన్ పేరు, ఆ వెంటనే లైసెన్సున్న ఊరి పేరు చెప్పి తీరాలని అమెరికా నిబంధన. తప్పనిసరి తతంగాన్ని పాట చేసుకున్నారు. ఇది కాక జింగిల్‌కు లోపలి పని ఒకటుంది. నెమ్మది పాట అయ్యాక హుషారు పాట వెయ్యాలంటే మధ్యలో కుదుపు వస్తుంది. నెమ్మదిగా మొదలై వేగంగా ముగిసే జింగిల్ ఆ కుదుపును మింగేస్తుంది. మంచి సిరీస్‌లో ఇలాంటివి రెండు వైపులకూ ఉండేవి.

1965లో లాస్ ఏంజెలెస్ కేహెచ్‌జే స్టేషన్‌లో కార్యక్రమాల సలహాదారు బిల్ డ్రేక్ ఇదంతా తిరగేశాడు. వాద్యాలు తీసేయించి, జానీ మాన్ గాయకబృందంతో ఒట్టి గొంతులతో ఒకటి రెండు సెకన్ల ముక్కలు పాడించాడు. పేరు పలికి తప్పుకోవడమే, మళ్ళీ పాట. నేను పనిలో ఉన్నప్పుడు ఎవరైనా పన్నెండు సెకన్ల జింగిల్ తెస్తే ఆ కేహెచ్‌జే టేపే వినిపించేవాణ్ణి. అయినా మనసు మాత్రం పామ్స్ వాళ్ళ ఆడంబరం వైపే ఉంటుంది, అది వేరే సంగతి. పామ్స్ డెబ్భైల్లో చితికిపోయింది. అక్కడ పనిచేసిన జాన్ వోల్ఫర్ట్, భార్య మేరీ లిన్‌తో కలిసి 1974లో డాలస్‌లోనే జామ్ అనే కంపెనీ పెట్టాడు. తర్వాత పాత పామ్స్ టేపులూ, పేరూ ఆ జామ్ చేతికే వచ్చాయి.

యంత్రం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. రెండు సెకన్ల ముక్కను సరిగ్గా అనుకున్న క్షణంలో మోగించడం పెద్ద రీలు టేపుతోనో, డిస్కుతోనో సాధ్యమా అంటే సాధ్యమే, ఓపికా చేతులూ ఎక్కువుంటే. 1959లో కార్ట్ యంత్రం వచ్చాక అది అందరి వల్లా అయింది. ప్లాస్టిక్ పెట్టెలో పావు అంగుళం టేపు, మొదలూ చివరా కలిపి అతికించిన చుట్ట. లోపలి అంచు నుంచి బయటికొచ్చి, టేపును చదివే హెడ్ మీదుగా సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో సాగి, తిరిగి బయటి అంచున చుట్టుకుంటుంది. చుట్టలు ఒకదానిమీద ఒకటి జారాలి కాబట్టి టేపు వెనకవైపు గ్రాఫైట్ పూత. శబ్దం ఉన్న ట్రాక్ పక్కనే శ్రోతకు వినబడని ఇంకో ట్రాక్ ఉంటుంది. రికార్డింగు మొదలైన చోట దాని మీద 1 కిలోహెర్ట్జ్ సంకేతం పడుతుంది. టేపు ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆ సంకేతం దగ్గరికి రాగానే యంత్రం తనంతట తనే ఆగి, మరోసారికి సిద్ధంగా నిలబడుతుంది. అనౌన్సర్ చెయ్యాల్సింది బటన్ నొక్కడమే.

మీరు విన్న ఆ ‘తన్నుకుంటూ వచ్చే’ లయంతా కార్ట్ పుణ్యమే. పాట చివరి తాళం, జింగిల్, అనౌన్సర్ మాట, ప్రకటన, ఒకదాని తోక ఇంకోటి తొక్కుతూ వస్తాయి. కార్ట్ మీద కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి. పాతది చెరపాలంటే యంత్రంలో కుదరదు, బయట పెద్ద విద్యుదయస్కాంతం మీద తిప్పి చెరపాలి. సరిగ్గా చెరగకపోతే కొత్త జింగిల్ అడుగున నిన్నటి ప్రకటన దయ్యంలా గొణుగుతుంది. టేపు అతుకు ఎక్కడుందో చూసుకుని దాన్ని దాటించి రికార్డు చెయ్యాలి. నేను కొత్తలో చూసుకోలేదు. ఆ స్టేషన్ ఉదయం కార్యక్రమం జింగిల్‌లో సరిగ్గా పేరు పలికేచోట అతుకు పడి, మూడు రోజులు మా పేరు మధ్యలో ఎక్కిళ్ళొచ్చినట్టు ప్రసారమైంది. నాలుగో రోజు దాకా ఎవరూ చెప్పలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

బ్రిటన్‌కు ఈ జింగిల్స్ ఓడ మీద వచ్చాయి, అక్షరాలా. 1964 డిసెంబర్‌లో తీరానికి దూరంగా లంగరేసిన ఓడ నుంచి ప్రసారం మొదలుపెట్టిన రేడియో లండన్, ముద్దుగా ‘బిగ్ ఎల్’, పామ్స్ జింగిల్స్ కొని వాడింది. లైసెన్సు లేని ఈ ఓడ స్టేషన్ల మీద చట్టం రావడంతో 1967 ఆగస్టు 14న అది మూతపడింది. సెప్టెంబర్ 30న బీబీసీ రేడియో 1 మొదలైంది. దాని జింగిల్స్ చాలావరకు బిగ్ ఎల్ వాడినవే, పేరు మార్చి మళ్ళీ పామ్స్‌తో పాడించుకున్నవే. ప్రారంభ సంగీతం ‘థీమ్ వన్’ను మాత్రం జార్జ్ మార్టిన్ కట్టాడు.

బీబీసీ లోకల్ రేడియో వేరే దారి పట్టింది. 1967 నవంబర్ 8న లెస్టర్ ఊరితో మొదలైన ఆ స్టేషన్లలో కొన్నింటికి డాలస్ గాయకులు కాకుండా బీబీసీ సొంత రేడియోఫోనిక్ వర్క్‌షాప్ సంకేత సంగీతం చేసింది. రేడియో షెఫీల్డ్‌కు డేవిడ్ కేన్, రేడియో నాటింగమ్‌కు జాన్ బేకర్ చేసినవి 1968 నాటి రికార్డులో దొరుకుతాయి. ఆ వర్క్‌షాప్‌లో పని జరిగే తీరు చూడండి: ఏదో ఒక మామూలు చప్పుడు రికార్డు చేస్తారు. టేపు వేగం పెంచీ తగ్గించీ ఒక్కో స్వరానికి ఒక్కో ముక్క తయారుచేస్తారు. ఒక్కో స్వరం ఎంతసేపు పలకాలో అంత పొడవున బ్లేడుతో కోసి, వరసగా అతికిస్తారు. పది సెకన్ల సంగీతానికి పదుల కొద్దీ అతుకులు. పామ్స్ బాణీలు నలుగురివి, ఇవి ఒక్కరివే. మళ్ళీ పేరు మార్చి ఇంకో ఊరికి అమ్మడానికి వీల్లేనివి.

ప్రకటనలతో నడిచే లోకల్ స్టేషన్లు అక్కడ 1973లో గానీ రాలేదు. అక్టోబర్ 8న లండన్‌లో ఎల్‌బీసీ, 16న అక్కడే కాపిటల్, ఏడాది చివరి రోజున గ్లాస్గోలో రేడియో క్లైడ్. రికార్డులు రోజుకు తొమ్మిది గంటలకు మించి వెయ్యకూడదన్న ‘నీడిల్ టైమ్’ పరిమితి వాటికి ఉండేది. అందుకే ఆ స్టేషన్లలో మాటలు, ఫోన్ కార్యక్రమాలు, స్థానిక విశేషాలు అంత ఎక్కువ. ఈ బ్రిటిష్ టేపులకు తారీఖు కట్టడానికి ఒక చిట్కా ఉంది. జింగిల్‌లో పాడే అంకె ఫ్రీక్వెన్సీ కాదు, మీటర్లలో తరంగదైర్ఘ్యం. కాపిటల్ మొదట 539 మీటర్ల మీద ఉండి 1975లో 194కు మారింది. ఎల్‌బీసీ 417 నుంచి 261కు మారింది. అలా మారినప్పుడల్లా అంకె పాడించిన జింగిల్స్ అన్నీ మళ్ళీ పాడించుకోవాల్సిందే. మీ టేపులో 194 అని వినబడితే అది 1973 నాటి ప్రారంభ ప్రసారం అని ఎవరు రాసి పెట్టినా నమ్మకండి.

ఇక వార్తల మోత. ఆ టకటక టెలిటైప్ యంత్రానిది. వార్తాసంస్థల నుంచి తీగమీద వచ్చే సమాచారాన్ని చుట్ట కాగితం మీద కొట్టుకుంటూ పోయే టైపు యంత్రం అది. నిమిషానికి అరవై పైచిలుకు మాటలు, రాత్రీ పగలూ. అందులో గంట కూడా ఉండేది. వార్త ఎంత అత్యవసరమైతే అన్నిసార్లు మోగేది, పక్కగదిలో ఉన్నవాళ్ళు లెక్కపెట్టుకుంటూ లేచేవాళ్ళు. 1965 ఏప్రిల్‌లో రోజంతా వార్తలే ప్రసారం చేసే పద్ధతికి మారిన న్యూయార్క్ డబ్ల్యూఐఎన్‌ఎస్ ఆ మోతను వార్తల కింద నిరంతరం నడిపింది. అదే దానికి గుర్తయింది.

మీకు కాస్త నిరాశ కలిగించే మాట చెప్పాలి. మీరు వింటున్నది చాలాసార్లు అప్పుడు పక్కన నడుస్తున్న యంత్రం కాదు. అసలు యంత్రం భరించలేనంత గోల చేస్తుంది, దాన్ని మైకుకు వీలైనంత దూరంగా తలుపేసి ఉంచుతారు. వార్తల కింద వినబడేది ఎప్పుడో ఒకసారి రికార్డు చేసి కార్ట్‌లోకో, చుట్ట టేపులోకో ఎక్కించిన మోత. ఒకే రికార్డింగులో నలభై సెకన్లకో నిమిషానికో అదే గంట, అదే విరామం మళ్ళీ వస్తే అది చుట్టే. నిజం యంత్రాలు కంప్యూటర్లకు చోటిచ్చి వెళ్ళిపోయాక కూడా ఆ చుట్టలు తిరుగుతూనే ఉన్నాయి. జింగిల్ ఊరిదని అనిపించినట్టే, ఈ మోత కూడా గదినిండా విలేకరులున్నారని అనిపించేది. ఒక్కడే కూర్చుని, చింపి తెచ్చిన కాగితం చదువుతుండవచ్చు.

అయితే వార్తల శబ్దాలన్నీ వేషాలే అనకూడదు, కొన్ని నిఖార్సైన పనిముట్లు. అమెరికా నెట్‌వర్క్ ఎన్‌బీసీ వాళ్ళ మూడు గంటల మోతనే (జి, ఇ, సి స్వరాలు) తీసుకోండి. నెట్‌వర్క్ కార్యక్రమం అయిపోయింది, ఇక మీ ఊరి ప్రసారానికి మారండని స్థానిక స్టేషన్ల ఇంజినీర్లకు అది సైగ. శ్రోతలకు నచ్చడం తర్వాతి మాట. 1950లో అమెరికాలో శబ్దానికి నమోదైన మొదటి వ్యాపార చిహ్నమూ అదే. బ్రిటన్‌లో కొత్త లోకల్ స్టేషన్లకు గంట గంటకూ జాతీయ వార్తలు లండన్‌లోని ఐఆర్ఎన్ అనే వార్తాసంస్థ నుంచి తీగమీద వచ్చేవి. గంట కొట్టే క్షణానికి అవి మొదలైపోతాయి, మీకోసం ఆగవు. అందుకని ముందున్న పాటను, మాటను, జింగిల్‌ను వెనక నుంచి లెక్కగట్టుకుంటూ రావాలి. ఇరవై సెకన్ల జింగిల్‌ను గంటకు సరిగ్గా ఇరవై సెకన్ల ముందు వదిలితే దాని చివరి దెబ్బా, వార్తల మొదటి మాటా అతుకు కనబడకుండా కలుస్తాయి. పాట పొడవు తప్పితే దాని శబ్దాన్ని నిర్దాక్షిణ్యంగా తగ్గించేసి జింగిల్ కింద పాతేస్తాం. ఈ లెక్క కుదిరిన గంటలో కలిగే సుఖం శ్రోతకు ఎప్పటికీ తెలియదు. కుదరని గంట మాత్రం అందరికీ తెలుస్తుంది.

గంటకే వార్తలు అన్న అలవాటును కొందరు కావాలనే తప్పారు. డెట్రాయిట్‌కు ఎదురుగా, నదికి అవతల కెనడాలోని విండ్సర్ నుంచి వినిపించిన సీకేఎల్‌డబ్ల్యూ ‘20/20 న్యూస్’ గంట దాటిన ఇరవై నిమిషాలకు ఒకసారి, గంటకు ఇరవై నిమిషాల ముందు ఒకసారి వచ్చేది. మిగతావాళ్ళు గంటకు వార్తల్లో ఉండగా వీళ్ళు పాటలేస్తుంటారు, శ్రోత ఇటు తిరుగుతాడన్నది ఎత్తు. బైరన్ మెక్‌గ్రెగర్ లాంటివాళ్ళు అక్కడ నేరవార్తల్ని ప్రాసలతో, దరువుతో దంచేవాళ్ళు. దాన్ని వార్త అనాలా, ఇంకో రకం జింగిల్ అనాలా అంటే నేను రెండోదే అంటాను.

మూడోది, పోటీలు. వీటి గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే చాలావరకు ఒకే మూసలో పోసినవి: ఫోన్ ఎత్తగానే స్టేషన్ చెప్పిన మాట అనాలి, జాక్‌పాట్‌లో ఎంతుందో చెప్పాలి, రహస్య శబ్దం ఏదో కనిపెట్టాలి. అన్నిటి గమ్యం ఒకటే, సర్వేవాడు అడిగేవేళకు స్టేషన్ పేరు నోట్లో సిద్ధంగా ఉంచడం. మెక్‌లెండన్ కార్లను రోడ్ల పక్కన తలకిందులుగా పడేసి ‘కేఎల్ఐఎఫ్ కోసం పల్టీ కొట్టాను’ అన్న అర్థంలో వాటిమీద రాయించాడు. నవ్వొస్తుంది గానీ, జింగిల్‌కూ వార్తల మోతకూ లేనిది ప్రచారాలకు ఒకటుంది: అవి నిజంగా రోడ్డు మీదికొచ్చాయి.

అలా వచ్చినప్పుడు ఏమవుతుందో 1970 జూలైలో కేహెచ్‌జే పోటీలో తేలింది. ప్రసిద్ధ అనౌన్సర్ డాన్ స్టీల్ ఎర్రకారులో ఊరంతా తిరుగుతుంటే స్టేషన్ ఆయన ఎటు వెళ్తున్నదీ చెబుతూ ఉంటుంది, ముందు చేరినవారికి డబ్బు. ఇద్దరు టీనేజర్లు వేర్వేరు కార్లలో ఆయన వెంటపడి, గంటకు 80 మైళ్ళ వేగం దాకా వెళ్ళారు. ఆ పరుగులో ఒక కారును రోడ్డు మీంచి నెట్టేశారు. అందులో ఉన్న మనిషి చనిపోయాడు. పిల్లలు అలా తోలుతారని స్టేషన్ ముందే ఊహించి ఉండాల్సిందని, అది బాధ్యత వహించాలని 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నష్టపరిహారం మూడు లక్షల డాలర్లు. అమెరికా న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదివే కేసు ఇది. ఆ రోజుల పోటీ ప్రోమోలు వినేటప్పుడు ‘ఇప్పుడే, వెంటనే, ముందెవరొస్తే వాళ్ళకే’ అనే మాటలు నాకు అంత సరదాగా వినబడవు.

చివరగా మీ టేపుల విషయం. వేగం తప్పిన టేపుమీద బాణీలు పోలిస్తే అన్నీ వేర్వేరు శ్రుతుల్లో ఉన్నట్టు తోస్తుంది, ‘ఇది వేరే సిరీస్’ అని పొరపడతారు. రికార్డింగులో ఎక్కడైనా గ్రీనిచ్ సమయ సంకేతం, అదే ‘పిప్’ మంటూ వచ్చే ఆ ఆరు పిప్పులు పడ్డాయేమో వెతకండి. 1924 నుంచి బీబీసీ ప్రసారం చేస్తున్న ఆ పిప్పులు సరిగ్గా 1 కిలోహెర్ట్జ్, సెకనుకొకటి. మీ సాఫ్ట్‌వేర్‌లో అది 970 హెర్ట్జ్ చూపిస్తే టేపు మూడు శాతం నెమ్మదిగా తిరిగిందన్నమాట, వేగాన్ని 1000/970తో గుణించండి. ఆరో పిప్పు సాగదీసినట్టుంటే రికార్డింగు 1972 కంటే ముందుది కాదు. అన్నీ ఒకే పొడవుంటే అంతకు ముందుది. పిప్పులు లేకపోతే ప్రసారంతో పాటు టేపులో ఇరుక్కున్న కరెంటు గుంయ్ శబ్దం చూడండి, బ్రిటన్‌లో 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఈ కొలతలన్నీ తీసుకున్న తర్వాతే శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్ వెయ్యండి. ముందే వేస్తే ఆ గుంయ్ పోతుంది, దానితో పాటు ఆధారమూ పోతుంది.